పాత టైల్స్‌పై కొత్తవి వేయవచ్చునా?

స్నానాలగది గోడలకు పాత టైల్స్ ఊడదీయకుండా వాటిపైనే కొత్తవి వేయించుకోవచ్చునా అని కొందరు గృహస్థులు అడుగుతుంటారు. వేయించుకోవచ్చు, పాతవి గట్టిగా ఉన్నప్పుడు మాత్రమే.

ముందుగా ప్రతి టైల్‌నూ సుత్తిపిడితో మెల్లగా తట్టి చూడండి. డొల్లశబ్దం వచ్చినవాటిని తొలగించి, ఆ చోటును సిమెంటుతో పూడ్పించాలి. డొల్లవి చాలా ఉన్నా, గోడకు ఆవలివైపు చెమ్మ కనిపించినా మొత్తం తీయించడమే శ్రేయస్కరం. కారే గొట్టాన్ని కప్పిపుచ్చితే ఆ తడి పొరుగింటి గోడనూ పాడుచేస్తుంది. పట్టు సడలిన టైల్ స్నానం చేసే వృద్ధులపై పడవచ్చు.

నున్నని పాత టైల్‌పై మామూలు సిమెంటు నిలువదు. జిడ్డు కడిగించి, గరుకు చేయించి, ఇందుకు తగిన టైల్ అడెసివ్‌నే వాడించండి. గోడ మందం సుమారు 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కుళాయిలు, తలుపు చౌకట్టు అందుకు సరిపోతాయో లేదో పనికి ముందే చూసుకోండి.