పాస్‌బుక్కులో బొగ్గు

2010 జులై 14న సోంపేట బీల చిత్తడినేలల్లో పోలీసు తూటాలకు ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అక్కడ తలపెట్టిన థర్మల్ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. ఏడాది తిరక్కుండానే 2011 ఫిబ్రవరి 28న మరో థర్మల్ ప్రాజెక్టు తలపెట్టిన కాకరాపల్లి తంపరలో మళ్ళీ కాల్పులు, వడ్డితాండ్రలో మంటలు. ఇవన్నీ మనకు తెలుసు. ఏటా దండలు వేస్తాం, ఉపన్యాసాలిస్తాం. ఆ బొగ్గు ప్రాజెక్టులకు అప్పు పెట్టేది ఎవరి డబ్బని మాత్రం ఎప్పుడూ అడగం.

నేను అడుగుతున్నాను. ఎచ్చెర్ల యూనివర్సిటీ లెక్చరర్లనీ, ట్రిపుల్ ఐటీ పిల్లల్నీ, పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో పీఎఫ్ కోయించుకునే కార్మికుల్నీ అడుగుతున్నాను.

కాకరాపల్లి సంగతే చూడండి. 2640 మెగావాట్లు అన్నారు. మొదటి దశ 1320 దగ్గరే చతికిలపడింది. విద్యుత్ రంగంలో మొండి బకాయిల మీద పార్లమెంటు స్థాయీ సంఘం 2018లో ఇచ్చిన నివేదికలో, ఇరుక్కుపోయిన 34 థర్మల్ ప్రాజెక్టుల మధ్య ఇదీ ఉంది. చేపలు పట్టుకుని బతికేవాళ్ళ నీళ్ళు పోయాయి, అప్పూ మునిగింది. రైతు పంట రుణం కట్టడం కాస్త ఆలస్యమైతే ఇంటి గుమ్మంలోకొచ్చి పరువు తీసే బ్యాంకులు ఇక్కడ ఎంత ఓపిక పట్టాయో!

బొగ్గు, చమురు కంపెనీల నుంచి పెట్టుబడి వెనక్కి తీసుకోవాలన్న ఉద్యమం అమెరికా కాలేజీల్లో మొదలైంది. పిల్లలు ఏళ్ళ తరబడి గొంతు చించుకుంటే 2021లో హార్వర్డ్ దిగొచ్చింది. అంతకు ముందే, 2015లో, నార్వే పార్లమెంటు తన చమురు నిధిని బొగ్గు కంపెనీల నుంచి తప్పుకొమ్మంది. అది గొప్పోళ్ళ వేషమంటారా? మన స్టేట్ బ్యాంకు కథ వినండి. 2014లో ఆస్ట్రేలియాలో అదానీ కార్మైకేల్ బొగ్గు గనికి 100 కోట్ల డాలర్ల దాకా అప్పిచ్చేందుకు ఒప్పందపత్రం రాసుకుంది. బ్యాంకులు ఒకటొకటిగా మొహం చాటేస్తే, 2018లో గనిని కుదించి సొంత డబ్బుతో తవ్వుకుంటామంది కంపెనీ. 2020లో ఆ గని అప్పుకు మళ్ళీ స్టేట్ బ్యాంకు పేరు వినపడగానే, సిడ్నీలో భారత్ వన్డే ఆడుతుంటే ఒకాయన ప్లకార్డు పట్టుకుని మైదానంలోకి పరుగెత్తాడు. మన డిపాజిట్ల గురించి ఆస్ట్రేలియావాడు పరుగెత్తాడండీ. మనం రిమోట్ పట్టుకుని కూచున్నాం.

బొగ్గు లేకపోతే కరెంటెక్కడిదని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. తాల్చేరు బొగ్గు వ్యాగన్లు మన పట్టాల మీద నుంచే సింహాద్రి థర్మల్ కేంద్రానికి పోతున్నాయి. రేపు పొద్దున్నే వాటిని ఆపమని నేననడం లేదు. కొత్త బొగ్గుకు కొత్త అప్పు వద్దంటున్నాను. సరుబుజ్జిలి, బూర్జ మండలాల్లో మళ్ళీ థర్మల్ మాట ఎత్తి గిరిజనుల గుండెల్లో రాయి వేశారు. మళ్ళీ తూటాలదాకా రానిచ్చి, మళ్ళీ స్తూపాలు కట్టుకుందామా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి చెట్లు మొదలంటా విరిగి పడున్నాయి, తాతలు నాటిన జీడిచెట్లు వేళ్ళు పైకి తేలి బోర్లాపడ్డాయి. కొబ్బరి మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. బొగ్గు పొగతో సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్లకు బలం పెరుగుతుందని శాస్త్రవేత్తలు మొత్తుకుంటున్నారు. ఉద్దానం రైతు బ్యాంకులో దాచుకున్న రూపాయి ఆ వేడికే వంటచెరకు కావడం కంటే సిగ్గుమాలిన పని ఇంకోటుందా?

పని చిన్నదే. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. యూనివర్సిటీ ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఏ బ్యాంకులో ఉన్నాయని రిజిస్ట్రారు గారిని అడగండి. ఆ బ్యాంకు బొగ్గుకు ఎంత అప్పిచ్చిందని ఆ బ్యాంకునే అడగండి. ఉద్యోగ సంఘాలు వచ్చే మహాసభలో జీతాల తీర్మానం పక్కనే పీఎఫ్ డబ్బు బొగ్గులో పెట్టొద్దని ఇంకో తీర్మానం పెట్టాలి. మీ దరఖాస్తును మాత్రం, వాణిజ్య రహస్యమని సమాచార హక్కు చట్టం 8(1)(డి) చూపించి బ్యాంకు తిప్పి పంపుతుంది, తప్పకుండా పంపుతుంది. ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వెయ్యండి.