చవక ట్రైలర్‌కు ముందు చూడాల్సింది బరువు, బ్రేకులు

సంపాదకులకు,

కుటుంబ యాత్రలకు చవకైన ఆఫ్‌రోడ్ క్యాంపర్ ట్రైలర్ ఎంచుకోవడంపై మీరు వేసిన వ్యాసం ధర, పడకలు, వంటగట్టు చూసి కొనమంది. మా వైపు ఘాట్ రోడ్లకు ఇది ప్రమాదకరమైన సలహా.

ముందు చూడాల్సింది బరువు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. 14.2 కిలోల గ్యాసు బండ, ఇనుముతో కలిపి దాదాపు 30 కిలోలు తూగుతుంది. సామానంతా ఎక్కించి తూకం వేయించాలి. ఆ బరువును లాగవచ్చని కారు మాన్యువల్ చెప్పకపోతే ట్రైలర్ తగిలించనే కూడదు.

శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లేవారికి ఘాట్ ఎక్కడం కంటే దిగడమే గండం. సొంత బ్రేకుల్లేని ట్రైలర్ మలుపు మలుపునా కారును వెనక నుంచి తోస్తుంది. ఆ భారమంతా మోసి కారు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి.

వ్యాసం ఊసెత్తని సంగతి మరొకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ లేకుండా వెల్డింగ్ షాపులో చేయించుకున్నది ఎంత చవకైనా రోడ్డెక్కకూడదు.

డబ్బు చాలకపోతే పడకలు తగ్గించుకోండి, టార్పాలిన్ కింద వండుకోండి. బ్రేకులు, ఇరుసు, కొక్కెం దగ్గర మాత్రం రూపాయి కూడా తగ్గించొద్దు. ఆ ట్రైలర్‌ను లాగే కారులో కూర్చునేది మన పిల్లలే. ఈ విషయాలు చేర్చి ఆ వ్యాసాన్ని సవరించి మళ్లీ ప్రచురించండి.

– ఒక పాఠకుడు,
రామతీర్థం, విజయనగరం జిల్లా