మింగిన గోలి ఎక్కడికి పోతుంది?

కిందటి వానాకాలంలో ఒక తెల్లవారుజామున, జనగామ పక్క పల్లె నుంచి డెబ్బై ఏళ్ళ పెద్దావిడను ఆటోలో తెచ్చారు. ఒళ్ళంతా చెమట. పిలిస్తే పలుకు లేదు. పక్షవాతమేమోనని ఇంటివాళ్ళ భయం. వేలు గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర 34 ఉంది. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కాసేపటికి కళ్ళు తెరిచి, "నన్నేడికి తెచ్చిన్రురా?" అని కొడుకునడిగింది.

కొడుకు నన్నడిగాడు: "ఎనిమిదేండ్ల సంది అదే గోలి, సారూ. దుకాణం మారలే, గోలి మారలే. ఇప్పుడెందుకిట్లయింది?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలియాలంటే, మనం మింగిన మందు ఒంట్లో ఎటు పోతుందో తెలుసుకోవాలి.

నోట్లో వేసుకున్న మాత్ర కడుపులో కరిగి, ఎక్కువగా చిన్నపేగుల గోడల గుండా రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ముందుగా లివరు గుండా సాగి, ఆ తరువాతే గుండెకు చేరుతుంది. కొన్ని మందులలో చాలా భాగం లివరులోనే విరిగిపోతుంది. గుండెనొప్పికి సార్బిట్రేటు మాత్రను నాలుక కింద పెట్టుకోమనడం అందుకే. నోటి నుంచి వెళ్ళే రక్తం లివరును తాకకుండానే గుండెకు పోతుంది.

లివరు దాటిన మందు రక్తంతోపాటు ఒళ్ళంతా తిరుగుతుంది. మోకాలి నొప్పికని వేసుకున్న గోలికి మోకాలు ఎక్కడుందో తెలియదు. అది జీర్ణకోశానికీ, కిడ్నీలకూ కూడా పోతుంది. మోకాలికి హాయినిచ్చిన మందే కడుపులో పుండు చేయడం ఇందువల్లనే. కొవ్వులో కరిగే మందులు కొవ్వులో దాగి నెమ్మదిగా బయటికి వస్తాయి. నిద్రకని వాడే డయాజిపామ్ ఒంట్లో సగానికి తగ్గడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. పారాసిటమాల్ అయితే రెండు మూడు గంటలలో సగమవుతుంది. ఏ మందు రోజుకెన్నిసార్లు వేసుకోవాలన్నది చాలావరకు ఈ లెక్కను బట్టి ఉంటుంది.

మన ఊరి చెరువును చూడండి. వాగు నుంచి నీరు వస్తుంది, తూము నుంచి పోతుంది. తూము పూడిపోతే, వాగు ఎప్పటిలాగే పారుతున్నా చెరువు నిండి కట్ట మీదికి వస్తుంది. ఒంట్లో మందు పోవడానికి ముఖ్యమైన తూములు రెండు. లివరు మందును నీటిలో కరిగే రూపానికి మారుస్తుంది. కిడ్నీలు దాన్ని మూత్రంలో పంపేస్తాయి.

పెద్దావిడ వేసుకునేది గ్లిమిపిరైడ్. లివరు దాన్ని మార్చిన తరువాత కూడా చక్కెరను తగ్గించే గుణం కొంత మిగులుతుంది. ఆ మిగిలినది కిడ్నీల గుండా పోవాలి. ఆవిడ క్రియాటినిన్ పరీక్షలో 3 దాటింది. రెండేళ్ళుగా కీళ్ళనొప్పికని దుకాణంలో కొని వాడుతున్న మాత్రలు కిడ్నీలను ఇంకా దెబ్బతీశాయి. దానికి తోడు తిండి సగమైంది. తూము పూడిందన్నమాట. మందు ఇంకా ఒంట్లో ఉంది గనుక చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. అందుకని లేచి కూర్చున్నా ఇంటికి పంపక, రెండు రోజులు ఉంచి, మందు మార్చి పంపాము.

లివరు పని కూడా అందరిలో ఒకేలా ఉండదు. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్‌ను కొందరి లివరు చురుకుగా విరిచేస్తుంది, కొందరిది నెమ్మదిగా. ఇది పుట్టుకతో వచ్చే తేడా. నెమ్మదిగా విరిచేవారికి కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కే అవకాశం ఎక్కువ. బి6 విటమిన్ జత చేయడం అందుకే. టీబీకే ఇచ్చే రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ రంగుకు మారుస్తుంది. మహబూబాబాద్‌లో ఒక యువకుడు రక్తం పోతోందని భయపడి మందు మానేసి, మూడు నెలలకు జబ్బు ముదిరి వచ్చాడు. ఆ రంగు వల్ల హాని లేదు. అయితే ఈ మందు లివరును పురికొల్పి గర్భనిరోధక మాత్రలను త్వరగా విరిచేయిస్తుంది. ఆ మాత్రలు వాడే స్త్రీలు డాక్టరుకు ముందే చెప్పాలి.

భూపాలపల్లి అడవి పల్లెలలో ఒక రకం మలేరియాకు 14 రోజులు ఇచ్చే ప్రిమాక్విన్ సంగతి వేరు. జీ సిక్స్ పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్నవారిలో అది ఎర్రకణాలను పగలగొడుతుంది. మూత్రం నల్లగా, కషాయంలా వస్తే మందు ఆపి వెంటనే ఆస్పత్రికి రావాలి.

గుర్తుంచుకోవలసినవి:

1. షుగరు, బీపీ ఉన్నవారు, అరవై దాటినవారు ఏడాదికొకసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.

2. నొప్పి మాత్రలు సొంతంగా కొని రోజుల తరబడి వాడకండి.

3. డోలో, కాల్పాల్, క్రోసిన్ పేర్లు వేరైనా వాటిలో మందు పారాసిటమాలే. జలుబు మాత్రలలోనూ చాలా వాటిలో అదే ఉంటుంది. అన్నీ కలిపి లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికైనా రోజుకు 4 గ్రాములు మించరాదు. రోజూ తాగేవారు, బాగా చిక్కినవారు అంత కూడా వాడరాదు. ఎంతన్నది డాక్టరును అడగాలి.

4. షుగరు మందు వాడేవారికి చెమటలు, వణుకు, తికమక వస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకురండి.

5. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ఆ పెద్దావిడ కొడుకు ఇప్పుడు అలాగే తెస్తున్నాడు.