ఫారం మనం నింపకపోతే ‘నిల్’ అని వాళ్లే రాస్తారు

దళిత ఉద్యోగ మిత్రులారా!

ఆఫీసుకి పైనుంచి ఒక తాఖీదు వస్తుంది. వెనకాల ఒక ప్రొఫార్మా కుట్టి ఉంటుంది. మీ ఆఫీసులో ఎస్సీలు ఎంతమంది, ఎస్టీలు ఎంతమంది, ఏ కేడర్లో ఉన్నారు, ఎవరికి ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, బ్యాక్‌లాగ్ పోస్టులు ఎన్ని, వివక్ష మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడుగుతుంది. ఆ కాగితం చాలా ఆఫీసుల్లో మన టేబుల్ దాకా రానే రాదు. సూపరింటెండెంటు బీరువాలో నిద్రపోతుంది. చివరి తేదీ నాడు పైనుంచి ఫోను మోగుతుంది. అప్పుడు కుర్చీలో కూర్చున్నాయన పెన్ను తీసి గడిగడికీ ‘నిల్’ అని కొట్టి పంపించేస్తాడు. ఫిర్యాదులు నిల్. బ్యాక్‌లాగ్ నిల్. వివక్ష నిల్. మన గోడంతా నిల్!

వాళ్లను తిట్టడం తేలికే. మరి కాగితం నేరుగా మన చేతికే వచ్చిన రోజున మనం చేస్తున్నదేమిటి? “ఇలాంటివి ఎన్ని చూళ్లేదు” అని డ్రాయర్లో పడేస్తున్నాం. “కులం గడి ఖాళీగా వదిలేస్తే పోలా” అని పక్కోడికి సలహా ఇస్తున్నాం. సర్వేకి వచ్చినవాళ్లతో “మా ఆఫీసులో అలాంటివేం లేవండీ” అని నవ్వుతూ చెప్పి పంపిస్తున్నాం. ఈ మొహమాటం ఖరీదెంతో ఎప్పుడైనా లెక్కేశామా?

కోర్టులు లెక్కేశాయి. 1995లో 77వ రాజ్యాంగ సవరణతో 16(4ఎ) వచ్చింది. పదోన్నతుల్లో మనకు రిజర్వేషన్ ఇచ్చే అధికారం రాష్ట్రాలకు దక్కింది. 2001లో 85వ సవరణ దానికి సీనియారిటీని కూడా జోడించింది. 2006లో నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణలను నిలబెడుతూనే ఒక మెలిక పెట్టింది. ఉద్యోగాల్లో మీ ప్రాతినిధ్యం చాలడం లేదని అంకెలతో చూపిస్తేనే ప్రభుత్వం రిజర్వేషన్ ఇవ్వొచ్చంది. 2018లో జర్నైల్ సింగ్ కేసులో, ఎస్సీ ఎస్టీలు వెనకబడ్డారని మళ్లీ రుజువు చూపనక్కర్లేదని ఒప్పుకుంది. ప్రాతినిధ్యం లెక్క మాత్రం చూపాల్సిందేనంది. 2022 జనవరిలో ఇంకా బిగించి, ఆ లెక్క కేడర్ వారీగా ఉండాలని తేల్చింది.

దీని అర్థమేమిటి? శాఖ మొత్తం మీద మనవాళ్లు చాలామంది కనిపిస్తే చాలదు. అటెండర్లు ఎంతమంది, జూనియర్ అసిస్టెంట్లు ఎంతమంది, సూపరింటెండెంట్లు ఎంతమంది, గెజిటెడ్ కుర్చీల్లో ఎంతమంది అని మెట్టు మెట్టుకీ లెక్క కావాలి. ఆ లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ ఆఫీసుకొచ్చిన ఆ ప్రొఫార్మా నుంచే!

లెక్క లేకపోతే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్ ఉద్యోగులనడగండి. అక్కడి పదోన్నతుల రిజర్వేషన్‌ను 2012లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అవసరమైన లెక్కలు సేకరించలేదు కాబట్టి చెల్లదంది. ఆ తీర్పు చూపించి 2015లో ప్రమోషన్ పొందిన మనవాళ్లను మళ్లీ కింది పోస్టులకు దించారు. నిన్నటిదాకా తను సంతకం పెట్టిన ఫైలును ఇవాళ మోసుకెళ్లి ఇంకొకడి ముందు పెట్టడమంటే ఏమిటో ఊహించండి.

ఇప్పుడు కర్ణాటక చూడండి. 2017 ఫిబ్రవరిలో అక్కడి చట్టాన్ని కూడా లెక్కల్లేవనే కొట్టేశారు. వెంటనే అక్కడి ప్రభుత్వం రత్నప్రభ కమిటీ వేసింది. ఆ కమిటీ 31 శాఖల్లో ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల వివరాలు కేడర్ వారీగా సేకరించి, అదే సంవత్సరం మేలో నివేదిక ఇచ్చింది. దాన్ని పట్టుకుని 2018లో కొత్త చట్టం తెచ్చారు. 2019 మే 10న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. అదే కోర్టు, అదే రాజ్యాంగం, అవే కులాలు. తేడా అంతా కాగితాల్లో ఉన్న అంకెల దగ్గరే వచ్చింది.

అంకెల బలం బాబాసాహెబ్‌కు మనకంటే ముందే తెలుసు. 1942లో వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉంటూ ఆయన గవర్నర్ జనరల్‌కు ఒక వినతిపత్రం ఇచ్చారు. అంటరానివాళ్లకు జరిగే అన్యాయాన్ని సర్కారీ కొలువుల లెక్కలతో సహా అందులో పెట్టారు. 1943 ఆగస్టులో కేంద్ర ఉద్యోగాల్లో 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఆయన ఫోటోకి దండేసి, ఆయన చేసిన పని మనం చెయ్యమంటే ఎట్లా?

కొందరంటారు, “ఆఫీసులో కులం ఎందుకండీ, మనమంతా ఉద్యోగులమే” అని. బాగానే ఉంది. మరి కేంద్ర ప్రభుత్వ సిబ్బంది శాఖ వార్షిక నివేదికలు గ్రూప్ సి లెక్కలో సఫాయి కర్మచారుల వరసను విడిగా ఎందుకు చూపిస్తాయి? ఆ వరసను మిగతావాళ్లతో కలిపేస్తే మన శాతం ఎక్కడుందో మసకబారిపోతుంది కాబట్టి! పాకీపని చేసేవాళ్లను వెతకడానికి 2013లో, 2018లో సర్వేలు చేసి 58,098 మందిని గుర్తించారు. వాళ్లలో కులం వివరం దొరికింది 43,797 మందికి. అందులో 42,594 మంది ఎస్సీలే. కులం గడి లేకపోతే ఈ నిజం బయటపడేదా?

ఇంకొందరు భయపడతారు. “నిజం రాస్తే సీఆర్‌లో గీత పడుతుందేమో, బదిలీ చేస్తారేమో” అని. ఆ భయం ఉత్తది కాదు. అందుకే ఒక్కరే రాయొద్దు. అభిప్రాయం అడిగే సర్వేల్లో పేరు అడక్కూడదని, ఫారాలు ఆఫీసరు చేతుల మీదుగా పోకూడదని, ఫలితాలు అందరికీ తెలిసేలా ప్రకటించాలని సంఘం తరఫున ముందే రాసి ఇవ్వండి. అడగాల్సింది అడిగి, ఆ తర్వాత నింపండి. ఖాళీ ఫారం ఎవరినీ కాపాడదు. “ఇక్కడందరూ సంతోషంగా ఉన్నారు” అని చెప్పుకోడానికి వాళ్లకదే సాక్ష్యం.

మన ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. 2013 చట్టం ప్రకారం పదిమంది గానీ అంతకుమించి గానీ పనిచేసే ప్రతి ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఎన్ని ఫిర్యాదులొచ్చాయో ఏటా నివేదిక ఇవ్వాలి. ఆ కమిటీలో ఎవరున్నారో మీ ఆఫీసు స్వీపరమ్మకు తెలుసా? తెలియనివాళ్లు ఫిర్యాదెలా చేస్తారు? అక్కడ కూడా ‘నిల్’ అనే పోతుంది. సర్వే వచ్చినప్పుడు ఆ చెల్లెల్ని పక్కన కూచోబెట్టుకుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాయించండి.

ఔట్‌సోర్సింగ్ వాళ్లను ఆ ఫారం అసలు లెక్కలోకే తీసుకోకపోవచ్చు. గడి లేకపోతే కింద ఉన్న ఖాళీలో రాయండి. ఊడ్చేదెవరు, కాపలా ఎవరు, కంప్యూటర్ ముందు కూచున్నదెవరు, ఏజెన్సీ చేతిలో జీతం కోత పడుతున్నదెవరికి? రెగ్యులర్ పోస్టులు తరిగి ఔట్‌సోర్సింగ్ పెరిగేకొద్దీ మన రిజర్వేషన్ ఎటు పోతోందో ఆ లెక్కే చెబుతుంది.

వర్గీకరణ విషయంలోనూ ఇదే మాట. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తీసింది, దానికీ లెక్కలే ఆధారమంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులు 1, 9, 5 శాతాలతో అమల్లోకి వచ్చాయి. దాన్ని సమర్థించేవాళ్లు, వ్యతిరేకించేవాళ్లు ఇద్దరూ మనలో ఉన్నారు. ఏ వైపున్నా సరే, డక్కలి, రెల్లి ఇళ్లనుంచి వచ్చి ఏ కుర్చీలో ఎవరున్నారో తెలియకుండా న్యాయం మాట్లాడలేం. కాబట్టి ఎస్సీ అని రాసి ఆగొద్దు. అడిగిన చోట ఉపకులమూ రాయండి.

చెయ్యాల్సింది ఇంతే. తాఖీదు వచ్చిందా అని ఇన్‌వర్డ్ సెక్షన్‌లో కనుక్కోండి. వస్తే ఒక సాయంత్రం మనవాళ్లందరూ కూచోండి. రోస్టర్ రిజిస్టరు, సీనియారిటీ జాబితా ముందు పెట్టుకుని నింపండి. జిరాక్సు తీసి దాచుకోండి. ఆఫీసు పైకి పంపిన కాగితం నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. మీరు రాసిందీ, వాళ్లు పంపిందీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే సంఘంలో పెట్టండి, ఎస్సీ కమిషన్‌కు రాయండి.

వాళ్ల చేతిలో పెన్ను ఉన్నంతకాలం మనం నిలే. పెన్ను మనం తీసుకుందాం.

జై భీమ్!