పోరడి మీద కాదు, గల్లా మీద కన్నేయండి

వైట్నర్ ఎవరు కొంటారు? కిషన్‌బాగ్‌లో స్టేషనరీ, జిరాక్స్ దుకాణం పెట్టి సగం జీవితం గడిపినవాణ్ని కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. వకీళ్ల గుమస్తాలు కొంటారు. బడి ఆఫీసువాళ్లు కొంటారు. రికార్డులు రాసే డిగ్రీ పిల్లలు కొంటారు. ఆరో తరగతి పిల్లాడు కొనడు, వాడికి పెన్సిలూ రబ్బరూ చాలు. అసలు బడికే పోని పిల్లాడికైతే దానితో పనే లేదు. అందుకే పొద్దుగూకే వేళ వెల్డింగ్ మసి చేతులతో పన్నెండు పదమూడేళ్లవాడు వచ్చి, చిల్లర కౌంటర్ మీద పెట్టి, "అంకుల్, వైట్నర్ హై క్యా?" అన్నాడంటే అది కాగితం కోసం కాదని తెలుసుకోవడానికి ఏ పోలీసు శిక్షణా అక్కర్లేదు. గుడ్డ మీద నాలుగు చుక్కలు పోసి పిడికిట్లో ముడిచి ముక్కు దగ్గర పెట్టుకుంటారు. దారిన పోయేవాళ్లకు జలుబు చేసిన పిల్లాడిలాగే కనిపిస్తాడు.

2012లో కేంద్ర ప్రభుత్వం వైట్నర్‌నీ థిన్నర్‌నీ సీసాల్లో చిల్లరగా అమ్మకూడదని ఉత్తర్వు తెచ్చింది. పెన్ను రూపంలో, హెచ్చరిక ముద్రించి అమ్ముకోవచ్చంది. మంచి ఉత్తర్వే. కానీ గిరాకీ ఆగలేదు, నా కౌంటర్ దిగి పక్క కౌంటర్ ఎక్కింది. పంక్చర్ దుకాణంలో ట్యూబుకు రాసే సొల్యూషన్, చెప్పులు అతికించే గమ్, పెయింట్ దుకాణంలో థిన్నర్. వీటిలో చాలావాటిలో ఉండేది టొల్యూన్. నిమిషాల్లో ఎక్కుతుంది, నిమిషాల్లో దిగుతుంది, అందుకే మళ్లీ మళ్లీ పీలుస్తారు. ఆకలి చచ్చిపోతుంది. ముక్కు చుట్టూ, మూతి చుట్టూ చర్మం పగిలి పుండ్లు పడతాయి. గుండె లయ తప్పి ఉన్నపళంగా ప్రాణం పోయే ప్రమాదం మొదటిసారి పీల్చినవాడికి కూడా ఉంటుందని డాక్టర్లు చెబుతారు.

ఇది నా వీధి గొడవ మాత్రమే అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు దేశమంతా సర్వే చేసి 2019లో ఒక నివేదిక ఇచ్చారు. సారాయి, గంజాయి, నల్లమందు, ఏది తీసుకున్నా వాడకం పెద్దవాళ్లలోనే ఎక్కువ. ఒక్క పీల్చే మత్తుల దగ్గరే లెక్క తిరగబడింది. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. దేశంలో 4.6 లక్షల మంది పిల్లలకు ఈ ఒక్క అలవాటు నుంచి బయటపడడానికే సాయం కావాలని తేల్చారు. మన పత్రికల్లో డ్రగ్స్ వార్త అంటే జూబ్లీహిల్స్ పబ్బు, సినిమావాళ్ల పేర్లు, గ్రాముల ధరలు. పంక్చర్ సొల్యూషన్‌కు ఆ హంగు లేదు కదా, మొదటి పేజీకి ఎక్కదు.

పోలీసుల పనిని నేను తక్కువ చేయడం లేదు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు మన్యం నుంచి వచ్చే గంజాయిని దారిలో పట్టుకోవడం వాళ్ల వల్లే అవుతుంది, నా వల్ల కాదు. తెలంగాణ యాంటీ నార్కోటిక్స్ బ్యూరోకు 2025 జూన్ 26న ఈగల్ అని కొత్త పేరు పెట్టారు. 1908కి ఫోన్ చేసి సమాచారం ఇవ్వమంటున్నారు, ఇవ్వాల్సిందే. అయితే ఏటా అదే జూన్ 26న మా రోడ్డు మీద జరిగే డ్రగ్స్ వ్యతిరేక ర్యాలీ సంగతి వేరు. బ్యానర్లు పట్టుకుని ఎండలో నడిచేది బడి పిల్లలు. మసి చేతుల పిల్లాడు ఆ సమయానికి షెడ్డులో నట్లు బిగిస్తూ ఉంటాడు. మత్తును అడ్డుకోవడానికి బడుల్లో పెట్టమన్న ప్రహరీ క్లబ్బులకూ ఇదే చిక్కు. క్లబ్బు బడి గోడల లోపల ఉంటుంది, ముప్పు ఎక్కువున్నవాడు గోడ బయట ఉంటాడు. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పనిలో ఉన్న పిల్లల్ని విడిపిస్తారు. మిగతా పది నెలలు వాణ్ని రోజూ చూసేది ఎవరు? చాయ్ హోటల్ సేఠ్, పంక్చర్ భాయ్, నేను.

అందుకే మా వరసలో కొందరు దుకాణదారులం ఒక మాట అనుకున్నాం. సంఘమూ లేదు, పేరూ లేదు, ఫ్లెక్సీ అసలే లేదు. పంక్చర్ భాయ్ సొల్యూషన్ ట్యూబు చేతికి ఇవ్వడు. సైకిల్ తెస్తే తనే రాసి, తనే అతికిస్తాడు. పెయింట్ దుకాణం ఆయన తెలిసిన పెయింటర్లకే, రంగు డబ్బాతో పాటే థిన్నర్ ఇస్తాడు. నేను వైట్నర్ పెన్నులు అద్దాల బీరువాలో వెనక పెట్టాను. పిల్లలు అడిగితే లేవంటాను. ఒప్పించడానికి కష్టమైంది మందుల దుకాణంతోనే. నిద్రమాత్రలు, కోడీన్ దగ్గుమందు, ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. డాక్టరు చీటీ చూడాలి, డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. 2014 మార్చి నుంచి ఉన్న రూలే. ఆయన అన్నమాట వ్యాపారంలో ఉన్న ప్రతివాడూ అనేదే: "నేనియ్యకుంటే ఇంకోడు ఇస్తడు, నా గిరాకీ పోతది, గంతే."

నిజమే, ఇక్కడ దొరకనివాడు హసన్‌నగర్ పోతాడు, లేదంటే అత్తాపూర్ పోతాడు. మా కట్టుబాటుతో మత్తు మాయమైందని నేను చెప్పను. కానీ గల్లీ చివర దొరికేది కిలోమీటరు అవతలికి పోయినప్పుడు, కొత్తగా రుచి చూద్దామనుకునేవాడు సగం దారిలో వెనక్కి తిరుగుతాడు. ముదిరినవాడు ఎంత దూరమైనా పోతాడు. వాడికి కావలసింది వైద్యం. నివారణ అనేది ఆ మొదటివాడి కోసం.

తెలుగు నేల మీద ఇలాంటి ప్రయత్నాల్లోకెల్లా పెద్దది నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైంది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా మీద లేచారు. వాళ్లు తాగుబోతు మొగుళ్లకు ఉపన్యాసాలు ఇస్తూ కూర్చోలేదు, సారా దుకాణం మూయించారు, వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. తర్వాత వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయిందంటే అది రాజకీయం, ఖజానా కథ. తాగేవాణ్ని వదిలి అమ్మే చోటు పట్టుకోవాలన్న వాళ్ల తెలివి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

మా పాతబస్తీలో దీనికి తలకిందులుగా జరిగింది. పదేళ్ల కిందట సౌత్‌జోన్ పోలీసులు 'ఆపరేషన్ చబుత్రా' మొదలుపెట్టారు. చబుత్రా అంటే ఇంటి ముందు అరుగు. అర్ధరాత్రి దాటాక అరుగుల మీద, రోడ్ల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లి, తల్లిదండ్రుల్ని పిలిపించి, హితబోధ చేసి పంపేవాళ్లు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ ఆ పని సాగింది. అమ్మలు సంతోషించారు, నాకు తెలుసు. మగపిల్లవాడు ఇంట్లో మాట వినని రోజుల్లో లాఠీ మాటైనా వింటున్నాడని. కానీ రెండు గదుల ఇంట్లో ఎనిమిదిమంది ఉండేచోట, కుర్రాడికి అరుగే డ్రాయింగ్ రూమ్. అక్కడి నుంచి లేపితే వాడు ఎక్కడికి పోవాలి? వెలుతురులో, నలుగురి కంట పడే చోట కూర్చున్నవాణ్ని లేపేసి, మూసీ గట్టు చీకట్లోకీ జూపార్క్ గోడ పక్కకీ తోలాం. అరుగు తీసుకున్నాం, బదులేమీ ఇవ్వలేదు.

ఐస్‌లాండ్ వాళ్లు కూడా పిల్లలకు కర్ఫ్యూ పెట్టారు. పదమూడు నుంచి పదహారేళ్లవాళ్లు చలికాలం రాత్రి పది తర్వాత, ఎండాకాలం అర్ధరాత్రి తర్వాత బయట ఉండకూడదని చట్టం. అక్కడ 1998లో పదిహేను పదహారేళ్ల పిల్లల్లో గత నెలలో తాగి తూలినవాళ్లు 42 శాతం. 2016కి అది 5 శాతానికి పడింది. గంజాయి రుచి చూసినవాళ్లు 17 నుంచి 7 శాతానికి తగ్గారు. ఇది కర్ఫ్యూ ఒక్కదాని మహిమ కాదు. రాజధాని రేక్‌యవిక్‌లో ప్రతి పిల్లాడి పేరన ఏడాదికి 35,000 క్రోనాల కార్డు ఇచ్చారు, ఆటకో పాటకో ఫీజు కట్టుకోమని. తల్లిదండ్రులు వంతులేసుకుని సాయంత్రాలు వీధుల్లో తిరిగారు. చిన్న దేశం, డబ్బున్న దేశం, మనతో పోలికేంటి అంటారు. డబ్బు సంగతి ఒప్పుకుంటాను. వంతులేసుకుని నడవడానికి మాత్రం క్రోనాలు అక్కర్లేదు.

కలిసి నడవడం మాకు రానిదేం కాదు. 2014 మే 14న సిఖ్ ఛావ్నీ దగ్గర గొడవ జరిగి, కాల్పుల్లో ముగ్గురు చనిపోయి, కర్ఫ్యూ పడిన బస్తీ ఇది. ఆ తర్వాత మసీదు పెద్దలు, గురుద్వారావాళ్లు, గుడివాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇప్పటికీ పండుగ వస్తుందంటే శాంతి కమిటీకి కబురొస్తుంది, చాయ్ బిస్కట్లతో మీటింగ్ జరుగుతుంది. మతం పేరు చెప్పి రాయి విసిరితే గంటలో అందరం చేరతాం. ముక్కుకు గుడ్డ పెట్టుకున్న పిల్లాడికి మతం లేదు కాబట్టి కాబోలు, వాడి కోసం ఎవరూ బల్ల వేయరు.

మొన్నామధ్య ఒకామె జిరాక్స్‌కని వచ్చి, దుకాణంలో జనం పలచబడే దాకా ఆగింది. అత్తాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేస్తుంది. కొడుకు పదో తరగతి సగంలో మానేశాడు. కొంగు నలుపుతూ మెల్లగా అడిగింది: "అన్నా, సర్కారు దవాఖానకు తోల్కపోతే వాళ్లు పోలీసోళ్లకు చెప్తరా? పోరని మీద కేసయితదా?"

ఆమె భయానికి జవాబు చట్టంలోనే ఉంది, గోడల మీద మాత్రం లేదు. మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. అలవాటు పడినవాడు తన వాడకం కేసులోనో, చిన్న మోతాదు కేసులోనో ఇరుక్కున్నా, తనంతట తాను ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స పూర్తి చేస్తే శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. పీల్చేది సొల్యూషన్ అయితే ఆ చట్టమే వర్తించదు, టొల్యూన్ దాని మత్తుమందుల జాబితాలో లేదు. మరి ఇన్ని గోడల మీద 'డ్రగ్స్ నేరం, జైలు' అని రాయించినవాళ్లు, 'చికిత్సకు వస్తే కేసు ఉండదు' అనే ఒక్క వాక్యం ఎందుకు రాయించరు? జైలు మాట చదివిన తల్లి కొడుకును దాస్తుంది. ఈమె కూడా నెలల తరబడి దాచింది.

దాచకుండా బయల్దేరినా పోవాల్సింది ఎర్రగడ్డకు. మెంటల్ దవాఖాన అనే పేరు వింటేనే చుట్టాల్లో పిల్లాడి పెళ్లి సంబంధం దాకా మాట పోతుంది. రెండు బస్సులు మారాలి, ఒక రోజు కూలి పోతుంది, వారం తిరక్కుండా మళ్లీ రమ్మంటారు. పక్కనే బస్తీ దవాఖానాలు ఉన్నాయి. 2018 నుంచి నగరమంతా వెలిశాయి, జ్వరానికీ బీపీకీ జనం రోజూ పోతున్నారు. వారానికి ఒక సాయంత్రం, పనివాళ్లు ఇళ్లకు తిరిగొచ్చే వేళ, ఒక కౌన్సెలర్‌ను అక్కడ కూర్చోబెట్టండి. తల్లి బీపీ చూపించుకోవడానికి వెళ్లినట్టే వెళ్లి కొడుకు సంగతి చెప్పుకుంటుంది. దీనికి కొత్త భవనం కట్టనక్కర్లేదు, శిలాఫలకం లేదు. అందుకే ఏ నాయకుడికీ తట్టలేదేమో. ఆమెకు నేను చేయగలిగింది 14446 నంబరు రాసివ్వడం. కేంద్రం నడిపే ఉచిత సలహా ఫోను. అదీ దుకాణం వెనక గదిలోంచి నా ఫోనుతోనే చేసింది, ఇంట్లో మాట్లాడే చోటు లేక.

ఇక అరుగుకు బదులు ఇవ్వాల్సిన మైదానం మాట. క్రికెటర్ మహమ్మద్ సిరాజ్ ఆటో డ్రైవర్ కొడుకు. ఫస్ట్ లాన్సర్ ఈద్గా మైదానంలో టెన్నిస్ బంతితో బౌలింగ్ చేస్తూ ఎదిగాడు. హైదరాబాద్‌లో ప్రతి గల్లీ ఈ కథ చెప్పుకుంటుంది, అందులో మైదానం ఉందన్న ముక్క మాత్రం మరిచిపోతుంది. కిషన్‌బాగ్‌లో నా చిన్నప్పుడు క్రికెట్ ఆడిన ఖాళీ జాగాలన్నీ ఇప్పుడు నాలుగంతస్తుల ఇళ్లు. మిగిలింది బడి ఆవరణ. సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి గేటుకు తాళం.

ఆ తాళం రాత్రి ఎనిమిది దాకా తీసి ఉంచమని మేం అర్జీ పెట్టాం. బడిలో చదివేవాణ్నే కాదు, చదువు మానేసినవాణ్ని కూడా లోపలికి రానిమ్మని ప్రత్యేకంగా రాశాం. కిటికీ అద్దాలు పగులుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, ఏదైనా జరిగితే జవాబుదారీ ఎవరు అని అర్జీ తీసుకున్నవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నలే. అద్దం పగిలితే పెయింట్ దుకాణం ఆయన వేయిస్తాడు, బల్బుల ఖర్చు మా వరసంతా పంచుకుంటుంది, రోజుకొక దుకాణదారు చొప్పున గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాం అని రెండో కాగితం కూడా ఇచ్చాం. సంతకాల్లో మందుల దుకాణం ఆయనది కూడా ఉంది. ఎనిమిది దాకా అడిగాం, వ్యాపారస్తులం కదా, ఏడున్నరకైనా బేరం కుదుర్చుకుంటాం.