టికియాపారా స్టేషనులో ఒక పుస్తకాల బీరువా

సౌత్ ఈస్టర్న్ రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
గార్డెన్ రీచ్, కోల్‌కతా.

అయ్యా,

ప్రకృతికి భారం కాకుండా చదువుకోవాలంటే అచ్చు పుస్తకం మానేసి ఈ-రీడర్ కొనుక్కోమనే సలహా తరచూ వింటుంటాం. లెక్క అంత సులువు కాదు. 2009లో అమెరికాలోని క్లీన్‌టెక్ గ్రూప్ అంచనా ప్రకారం ఒక కిండిల్ వల్ల దాని జీవితకాలంలో 168 కిలోల కార్బన్ డయాక్సైడ్, ఒక అచ్చు పుస్తకం వల్ల దాదాపు ఏడున్నర కిలోలు గాలిలో కలుస్తాయి. అంటే ఇరవై రెండు మూడు కొత్త పుస్తకాలు కొనడం మానితేగానీ ఆ పరికరం భారం తీరదు. అంచనా పాతదే, పరికరాలూ మారాయి. అయినా ఒకసారి అచ్చయ్యాక పుస్తకం కరెంటు అడగదు, పదిమంది చదివితే దాని ఏడున్నర కిలోలూ పదిమందికీ పంచుకుపోతాయి. ఏ ప్రతి ఎన్ని చేతులు మారిందన్నదే నా దృష్టిలో అసలు లెక్క.

ఆ చేతులు మార్చే పని మీ లోకల్ రైళ్లు చేయగలవు. హౌరా దాటగానే వచ్చే టికియాపారా నుంచి ఖరగ్‌పూర్ దాకా ఒకే లైను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. హోదాతోపాటు చదువుకోవడానికి పుస్తకమూ చేతికందాలి. హైదరాబాద్ నుంచి ఒక్కరి కోసం కొరియర్‌లో వచ్చి, చదివాక అటకెక్కే నవల, ఎలాగూ నడిచే రైల్లో ప్రయాణికుడి సంచిలో ఊరు మారవచ్చు. ఈ ఆలోచన కొత్తదీ కాదు: 1935లోనే ఆంధ్రలో తెలుగువాళ్లు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు.

స్టేషన్లలో పుస్తకాల బీరువాలు పెడితే, తీసుకెళ్లినవాళ్లు తిరిగివ్వరని అనవచ్చు. కొన్ని పోతాయి, నిజమే. అవి పాఠకులు చదివి ఇచ్చేసిన పాత పుస్తకాలే కనుక నష్టం చిన్నది, పైగా పోయిన పుస్తకాన్నీ ఎవరో ఒకరు చదువుతారు. ఫోనులో చదువుకోరాదా అంటారేమో. చేతిలో ఉన్న ఫోనుకు కొత్త తయారీ భారం లేదు, చదవగలిగినవాళ్లు తప్పక చదవాలి. కానీ పాత తెలుగు పుస్తకాల్లో చాలా వాటికి ఈ-బుక్ లేదు, చూపు మందగించిన పెద్దలకు ఫోను తెర కష్టం. వానాకాలపు చెమ్మే అసలైన ఇబ్బంది. నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా పెట్టిన ఇనుప బీరువా, నెలకోసారి దులిపే మనిషి ఉండాలి. ఇందుకు కొంత ఖర్చు తప్పదు.

టికియాపారాలో ఒకటి, ఖరగ్‌పూర్‌లో ఒకటి బీరువాలు పెట్టించండి. తెలుగు, బెంగాలీ, హిందీ, ఉర్దూ పుస్తకాలు కలిపి ఉంచి, ఒకచోట తీసుకున్నది రెండోచోట ఇచ్చే వీలు కల్పించండి. ఒక ఏడాది చిట్టా రాయించి, ఒక్కో పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్లిందో ప్రకటించండి. ఇదే లైనులోని సాంత్రాగాఛీకి మూడో బీరువా అవసరమో కాదో ఆ చిట్టా చూసే నిర్ణయించవచ్చు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు