మరుపున్న మనిషికి తోవ చూపే ఇల్లు

మహబూబాబాద్‌లో మా ఆడబిడ్డ కట్టుకున్న కొత్త ఇంటికి పోతే మా అత్తమ్మ గడప దాటదు. మెరిసే టైల్స్ చూసి "నీళ్లున్నయి బిడ్డా, జారి పడ్త" అంటది. నల్ల డోర్‌మ్యాట్ ఆమెకు గుంత. ఆమెకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. అందులో కళ్లు బాగానే ఉన్నా, చూసినదాన్ని పోల్చుకోవడంలో మెదడు తడబడుతుంది.

జనగామలో మా ఇంట్లో మాత్రం ధైర్యంగా తిరుగుతుంది. మెరవని గచ్చు. మంచం మీంచి చూస్తే నేరుగా కనబడే బాత్రూం తలుపు. గోడ తెల్లగా ఉంది కాబట్టి ఆ తలుపుకు ముదురు పసుపు వేయించాం. రాత్రంతా చిన్న లైటు వెలుగుతుంది. లోపల పట్టుకోవడానికి స్టీలు పైపు బిగించి, గొళ్లెం తీసేశాం. ఆమె పాత ఇత్తడి బిందె చేతికందే చోటే ఉంది. రోజూ చింతపండు పెట్టి తోముతుంది. ఆ కాసేపు ఆమెకు ఏ కంగారూ ఉండదు.

దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. పల్లెల్లోనే ఎక్కువట. నెదర్లాండ్స్‌లో 2009లో ఇలాంటివాళ్ల కోసం హోగెవేక్ అనే చిన్న ఊరే కట్టారు. మనకు అంత అక్కర్లేదు, ఇల్లు కట్టేటప్పుడే కొన్ని జాగ్రత్తలు చాలు. తెలంగాణలో ఇందిరమ్మ పథకం కింద కట్టుకునే ఇంటికి సర్కారు 5 లక్షలు ఇస్తోంది. వంటిల్లు, టాయిలెట్‌తో కనీసం 400 చదరపు అడుగులు ఉండాలంటోంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కలెక్టర్లు హౌసింగ్ ఇంజనీర్లకు ఇంకొక్క మాట చెప్పాలి: ముసలివాళ్లున్న ఇంట్లో టాయిలెట్ పడకకు ఎదురుగా, గడప లేకుండా, జారని బండలతో ఉండాలని. మీరు కూడా ముగ్గు పోయకముందే మేస్త్రీతో ఈ సంగతి మాట్లాడుకోండి.